పాత గేమింగ్ పీసీ ఎక్కడ ఆగుతోంది?

మా మేనల్లుడు ఖమ్మంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడి గదిలో ఉన్న కంప్యూటర్ 2017లో వాళ్లన్న కొనుక్కున్నది. ఇంటెల్ ఐ5-6500 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, ఒకే స్టిక్‌గా 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్. మధ్యతరగతి ఇంట్లో అప్పటికి అది మంచి గేమింగ్ మెషీనే. ఈమధ్య ఫోన్ చేసి, "మామయ్యా, పదిహేను వేలు దాచాను. ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటావు?" అన్నాడు. నేను కార్డు పేరు చెప్పలేదు. "గేమ్ ఆడేటప్పుడు నీ మెషీన్ ఎక్కడ ఆగుతోందో చూశావురా?" అని అడిగాను. చూడలేదు. దాదాపు ఎవరూ చూడరు. కొనడం దగ్గరే మొదలుపెడతారు.

పాతబడ్డ కంప్యూటర్ ఒళ్లంతా ఒకేసారి ముసలిదవదు. ఏదో ఒక భాగం వెనకబడుతుంది, మిగతావన్నీ పని లేక దాని కోసం కాచుకుని ఉంటాయి. చేతినిండా డబ్బున్నవాళ్లు మొత్తం మార్చేసుకోవచ్చు. లెక్కపెట్టుకుని ఖర్చుచేసే పిల్లలు మాత్రం ఆ ఒక్క చోటేదో కనిపెట్టాకే జేబులో చెయ్యి పెట్టాలి.

వరి కోతలప్పుడు పొలాల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. కోత మిషన్ మడి సగం కోసి, తొట్టి ధాన్యంతో నిండిపోయి, గట్టు పక్కన ఊరికే నిలబడి ఉంటుంది. కల్లానికి ధాన్యం మోసే ట్రాక్టరు ఒక్కటే, అది ఇంకా తిరిగి రాలేదు. ఆ రైతు ఇంతకు రెండింతల కోత మిషన్‌ను బాడుగకు తెచ్చినా పొలం ముందుగా పూర్తవదు. ఇంకో ట్రాక్టరు పెడితే అవుతుంది.

గేమ్‌లో ప్రాసెసర్ కోత మిషన్ లాంటిది, గ్రాఫిక్స్ కార్డు ట్రాక్టరు లాంటిది. తెరమీద మనం చూసే కదలిక ఒకదాని వెనక ఒకటి వచ్చే బొమ్మల వరస. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. ప్రతి ఫ్రేముకూ ముందు ప్రాసెసర్ లెక్కలు వేస్తుంది: ఎదుటివాడు ఎటు తిరిగాడు, తూటా ఎక్కడ తగిలింది, ఏ గోడ కనిపించాలి. ఆ వివరాలు అందుకుని గ్రాఫిక్స్ కార్డు ఒక్కో చుక్కకూ రంగు తేలుస్తుంది. 1080పీ తెరలో అలాంటి చుక్కలు 20,73,600. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఇదంతా 16.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి.

కార్డు ఈ ఫ్రేమును గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేము పని మొదలుపెడుతుంది. అందుకని ఇద్దరి సమయాలూ కలిపి లెక్కేయనక్కర్లేదు. ఎవరు నెమ్మదో వాళ్ల వేగమే మొత్తం వేగం. ఒక గేమ్‌లో ప్రాసెసర్‌కు 12 మిల్లీసెకన్లు, కార్డుకు 25 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. సెకనుకు 40 ఫ్రేములు వస్తాయి. ఇప్పుడు మూడింతల వేగమున్న కార్డు పెట్టారు. కార్డు పని 8.3 మిల్లీసెకన్లకు దిగింది, అంటే సెకనుకు 120 ఫ్రేములు గీయగలదు. కానీ ప్రాసెసర్ 12 దగ్గరే ఉంది కాబట్టి తెరమీదికి వచ్చేవి 83. మూడింతలకు డబ్బు కట్టి రెండింతలు తెచ్చుకున్నారు. అదే ప్రాసెసర్‌కు 25, కార్డుకు 12 పడుతున్న గేమ్ అయితే, ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ఆ 40 ఫ్రేములు 40 గానే ఉంటాయి.

ఇది కనిపెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆట నడుస్తుండగానే తెర మూలన అంకెలు చూపిస్తుంది. కార్డు వాడకం 95 శాతం దాటి ఉంటే కార్డే ఆలస్యం చేస్తోందన్నమాట. 60, 70 దగ్గర ఊగుతుంటే కార్డు ఖాళీగా ఉండి ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. నమ్మకం కలగకపోతే ఇంకో పరీక్ష ఉంది. గేమ్ సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. కార్డు గీయాల్సిన చుక్కలు సగానికన్నా తగ్గిపోతాయి, ప్రాసెసర్ పని మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. ఫ్రేములు ఎగబాకితే కార్డు బలహీనం. కదలకపోతే ప్రాసెసర్ బలహీనం.

టాస్క్ మేనేజర్ చూసి మోసపోవద్దు. నాలుగు కోర్ల ప్రాసెసర్‌లో ఒక కోరు పూర్తిగా మునిగిపోయి, మిగతా మూడూ ఖాళీగా ఉన్నా అక్కడ కనిపించేది 25 శాతమే. చాలా గేముల్లో ముఖ్యమైన పని ఒక్క కోరు మీదే పడుతుంది. "ప్రాసెసర్ సగం కూడా వాడట్లేదు, దాని తప్పేం లేదు" అని చాలామంది తేల్చేసేది ఇక్కడే.

మావాడు రెండు సాయంత్రాలు కూర్చుని ఈ అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాశాడు. వాలరంట్‌లో కార్డు వాడకం 60 శాతం దాటలేదు. జీటీఏ 5లో సెట్టింగులు పెంచితే 98 శాతం. ఒకే మెషీన్, ఒక ఆటలో ప్రాసెసర్ వెనకబడింది, ఇంకో ఆటలో కార్డు వెనకబడింది. కాబట్టి ఏ భాగం మంచిదని అడిగేముందు నేను ఆడే ఆటేదని చూసుకోవాలి. అయితే వాడి అసలు బాధ ఈ రెంటిలోనూ లేదు. "జీటీఏలో కారు స్పీడుగా పోతుంటే ఉన్నట్టుండి తెర బిగుసుకుపోతుంది మామయ్యా, తేరుకునేలోపు కారు గోడకు గుద్దేస్తుంది" అన్నాడు. ఫ్రేముల సగటు 60కి దగ్గర్లోనే ఉంది. ఆ సగటులో ఒక్క ఫ్రేము 200 మిల్లీసెకన్లు పట్టినా అంకెలో తేడా తెలియదు, కంటికి మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అలాంటి బిగుసుడు చాలాసార్లు ప్రాసెసర్‌దీ కాదు, కార్డుదీ కాదు. సమాచారం చేరకపోవడం.

దీన్ని అర్థం చేసుకోవడానికి కాలాన్ని సాగదీసి చూద్దాం. వాడి ప్రాసెసర్ గడియారం సెకనుకు 320 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఆ ఒక్కో టిక్కును ఒక సెకను అనుకోండి. ప్రాసెసర్‌లోనే ఉండే కాష్ మెమరీ నుంచి కావలసిన అంకె తెచ్చుకోవడానికి కొన్ని సెకన్ల నుంచి ముప్పావు నిమిషం దాకా పడుతుంది. కాష్‌లో లేక ర్యామ్ దాకా వెళ్తే నాలుగు నిమిషాల పైమాటే. ర్యామ్‌లో కూడా లేక ఎస్‌ఎస్‌డీ దాకా వెళ్తే మూడున్నర రోజులు దాటుతుంది. హార్డ్ డిస్క్ దాకా వెళ్లాల్సి వస్తే ఏడాదీ మూడు నెలలు.

అంత తేడా ఎందుకంటే హార్డ్ డిస్క్‌లో నిజంగా తిరిగే పళ్లేలున్నాయి, అటూఇటూ కదిలే చెయ్యి ఉంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు చుట్టడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు సూది కిందకు రావడానికి సగటున అందులో సగం. చెయ్యి ఆ వరస మీదికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం కలిపి ఒక్కో చిన్న ముక్క కోసం 12 మిల్లీసెకన్ల పైన, అంటే సెకనుకు 80 ముక్కలు తెస్తే గొప్ప. కారు నగరంలో దూసుకుపోతుంటే గేమ్ ఎదర రాబోయే వీధి బొమ్మలను వందల ముక్కలుగా డిస్క్ నుంచి తెప్పించుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు. ఒక ముక్కకు దాదాపు 0.1 మిల్లీసెకను.

ర్యామ్ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. 8 జీబీలో విండోస్ కొంత తీసుకుంటుంది. క్రోమ్, డిస్కార్డ్ తెరిచి ఉంటే ఇంకొంత. మిగిలినదాంట్లో గేమ్ పట్టకపోతే విండోస్ కొంత సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీద పెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి తెస్తుంది. అంటే నాలుగు నిమిషాల్లో దొరకాల్సిన వస్తువు ఏడాది దూరంలోకి పోయింది. మావాడి తెర బిగుసుకుపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే.

ఇంకో స్టిక్ వేస్తే రెండు లాభాలు. 16 జీబీ అవుతుంది. అంతకు మించి, ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య రెండో దారి తెరుచుకుంటుంది. డీడీఆర్4 స్టిక్ ఒక్కసారికి 8 బైట్లు పంపుతుంది. 2133 వేగంలో ఒక స్టిక్‌తో సెకనుకు 17 జీబీ, రెండు స్టిక్కులతో 34 జీబీ. దుకాణంలో 3200 వేగం స్టిక్ చూపించి, ఇంకా వేగం అంటారు. హెచ్110 బోర్డులో ఆరోతరం ప్రాసెసర్‌తో అది కూడా 2133 దగ్గరే నడుస్తుంది. ఆ అంకె కోసం అదనంగా పైసా ఇవ్వొద్దు. కొన్ని హెచ్110 బోర్డులు డీడీఆర్3 రకంవి కూడా ఉన్నాయి, కాబట్టి బోర్డు మీద ఏముందో చూసుకుని వెళ్లాలి.

2025 చివర్లో ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున ఎత్తుకుపోతుండడమే ముఖ్య కారణం. క్రూషియల్ పేరుతో ఏళ్ల తరబడి మనకు ర్యామ్ అమ్మిన మైక్రాన్ సంస్థ, ఆ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి కాలంలో చేతిలో ఉన్న డీడీఆర్4 స్టిక్‌ను పారేసుకుని కొత్త బోర్డుకు మారడం బరువైన పని. వాడిన స్టిక్ కొనడానికి భయపడక్కర్లేదు. అందులో అరిగేదేమీ లేదు. ఇంటికి తెచ్చి మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఒక్క తప్పు కూడా చూపకపోతే అది మంచి స్టిక్.

ఎస్‌ఎస్‌డీ విషయంలో ఎంత వేగం చాలు అనేదానికి జవాబు 1967లోనే దొరికింది. ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ల రూపకల్పనలో ముఖ్యుడైన జీన్ ఆమ్‌డాల్ ఆ ఏడాది చెప్పిన లెక్క ఇప్పటికీ ఆయన పేరుతోనే చదువుకుంటున్నాం. ఒక పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మిగతా భాగం పట్టే సమయం కన్నా కిందకు మొత్తం సమయం దిగదు. ఒక గేమ్ తెరుచుకోవడానికి 60 సెకన్లు పడుతోందనుకోండి. అందులో 45 సెకన్లు హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూపు, 15 సెకన్లు ప్రాసెసర్ ఆ ఫైళ్లను విప్పే పని. డిస్క్ బదులు పది రెట్ల వేగమున్న మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పెడితే 45 కాస్తా 4.5 అవుతుంది. మొత్తం 19.5 సెకన్లు. దానికి ఆరింతల వేగమున్న ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ పెడితే మొత్తం 15.75. ఆరింతలు వేగం కొన్నా కలిసొచ్చింది నాలుగు సెకన్లు కూడా లేదు. హెచ్110 బోర్డుల్లో చాలావాటికి ఎన్‌వీఎంఈ పెట్టే చోటే ఉండదు. దాని కోసం బోర్డు మార్చాలని ఎవరైనా అంటే వినొద్దు. సాటా చాలు.

ఇక అందరి మనసూ ఉండే గ్రాఫిక్స్ కార్డు.

1050 టీఐ 2016 అక్టోబరులో వచ్చింది. 4 జీబీ సొంత మెమరీ, సెకనుకు 112 జీబీ రవాణా. వేరే పవర్ తీగ లేకుండా మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తుంది. మన దేశంలో అన్ని ఇళ్లల్లోకి అది వెళ్లడానికి ఆ 75 వాట్లే సగం కారణం. మెషీన్‌కు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, ఎలాంటిదైనా సర్దుకుపోయేది. అయితే కొత్త గేములు దానికి రెండు రకాలుగా అడ్డం పడుతున్నాయి. మొదటిది మెమరీ. బొమ్మల సమాచారం 4 జీబీ దాటగానే కార్డు ర్యామ్ వైపు చెయ్యి చాస్తుంది. స్లాటు దారిలో సెకనుకు 16 జీబీ కన్నా ఎక్కువ రాదు. 112 ఎక్కడ, 16 ఎక్కడ! ఆ కార్డులో టెక్స్చర్ల సెట్టింగు ఒక మెట్టు దించితే ఆట ఒక్కసారిగా తేటపడడానికి కారణం ఇదే. రెండోది ఇంకా కఠినం. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ కాంతి కిరణాల లెక్క వేసే ప్రత్యేక హార్డ్‌వేర్ లేకపోతే నడవనే నడవవు. నెమ్మదిగా నడవడం వేరు, అసలు మొదలవకపోవడం వేరు. అలాంటి ఆటలే కావాలంటే కార్డు మార్చక తప్పదు.

మార్చేటప్పుడు పాత మెషీన్లకు ప్రత్యేకంగా కొన్ని గుంటలున్నాయి. వీటిలో పడ్డ పిల్లలను చూశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కాగితం మీద చవకగా కనిపిస్తుంది. అది బోర్డుతో మాట్లాడేది నాలుగు దారుల మీదే. కొత్త బోర్డుల్లో ఆ నాలుగు దారుల్లో సెకనుకు 8 జీబీ పారుతుంది, పాత మూడోతరం స్లాటులో అది సగానికి పడి 4 జీబీ. పైగా దాని మెమరీ 4 జీబీయే, కాబట్టి ఆ ఇరుకు దారి మీదికి మాటిమాటికీ రావాల్సిందే. అంటే పాత మెషీన్ ఉన్నవాళ్ల కోసమే అన్నట్టు కనిపించే కార్డు సరిగ్గా పాత మెషీన్‌లోనే కుంటుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు, బీ580 సహా, ధరకు మించిన పనితనం చూపిస్తాయి. కానీ వాటికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉండాలి. అది లేని పాత బోర్డులో చాలా వేగం పోగొట్టుకుంటాయి. 8 జీబీ మెమరీ, ఎనిమిది దారులు, 132 వాట్ల ఆర్ఎక్స్ 6600 లాంటిది పాత స్లాటులో కూడా పెద్దగా ఇబ్బంది పడదు. పవర్ తీగ పెట్టే వీలే లేకపోతే 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం ఉంది.

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మరికొంత జాగ్రత్త కావాలి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ నెట్‌వర్క్ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పని ఒక్కరోజులో ఆగిపోయింది. నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా అమ్మకానికొచ్చాయి. వాటిలో చిప్ సాధారణంగా బాగానే ఉంటుంది, అరిగేవి ఫ్యాన్లు, ఎండేది చిప్ వేడిని బయటకు మోసే పేస్టు. అంతకన్నా చెడ్డవి నకిలీ కార్డులు. ఎప్పటివో పాత చిప్‌లున్న కార్డుల్లో సాఫ్ట్‌వేర్ మార్చి, 1050 టీఐ పేరుతో అమ్మినవి ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఇలాంటి చాలావాటిని పట్టేసి నకిలీ అని చూపిస్తుంది. ఆర్ఎక్స్ 580 కొనేటప్పుడు 2048ఎస్‌పీ అన్న అక్షరాలున్నాయేమో చూడండి. అసలు 580లో 2304 లెక్కల యూనిట్లుంటాయి, దీంట్లో పేరుకు తగ్గట్టే 2048. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట, ఎదురుగా కూర్చుని అరగంట నడిపి చూపించమని అడగండి. చూపించనంటే పక్క కొట్టుకు వెళ్లండి.

డబ్బు అసలే లేకపోతే? చుక్కల సంఖ్య తగ్గించడమే మందు. 2021 జూన్‌లో ఏఎండీ విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ అనే పద్ధతి ఎన్విడియా పాత కార్డుల్లో కూడా పనిచేస్తుంది. కార్డు చేత 720పీ బొమ్మ గీయించి, దాన్ని 1080పీ తెరకు నేర్పుగా పెంచుతుంది. గీయాల్సిన చుక్కలు 44 శాతానికి తగ్గుతాయి. అంచుల్లో కొంచెం మసక కనిపించవచ్చు. అది మోయగలిగిన ఖరీదే.

కొత్త కార్డు అనగానే ఎస్‌ఎంపీఎస్ గుర్తురావాలి. కేబినెట్‌తో పాటు వచ్చేసిన డబ్బా మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలుంటాయి. చూడాల్సింది ఆ అక్షరాలు కాదు, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే, 12ను 18తో గుణించండి. 216 వాట్లు. ప్రాసెసర్, కార్డు తినేది దాదాపు అంతా ఆ గడిలో నుంచే. 65 వాట్ల ప్రాసెసర్, 132 వాట్ల కార్డు కలిస్తేనే 197 వాట్లు. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు ఇంకా ఉన్నాయి. కార్డు సెకనులో వెయ్యో వంతు కాలం తన హద్దు దాటి లాగే కరెంటు కూడా ఉంది. పైగా లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతూ వస్తాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఇంజినీర్లు వాడే లెక్క. ఎనిమిదేళ్లు మన ఎండల్లో పనిచేసిన చవక డబ్బాకు కొత్త కార్డు తగిలించడం మంచిది కాదు. ఆ డబ్బాను విప్పి బాగుచేద్దామని మాత్రం చూడొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ప్రాసెసర్ మార్చడమంటే మీ బోర్డు ఏ గూటిదో తెలియాలి. ఇంటెల్ ఎనిమిదోతరం ప్రాసెసర్లకు కూడా సాకెట్ పేరు 1151యే, కానీ ఆరో, ఏడో తరాల బోర్డుల్లో అవి పనిచేయవు. పేరు చూసి కొని మోసపోయినవాళ్లు చాలామంది. మావాడి బోర్డు మీద ఎక్కేది మహా అయితే ఐ7-7700 లాంటిదే, అదీ బోర్డులో ఉండే బయాస్ అనే మూల సాఫ్ట్‌వేర్ కొత్తదైతేనే. నాలుగు కోర్లే, పనులు ఎనిమిది వరసల్లో. ముందుకు దారి లేని బోర్డు మీద అంత డబ్బు పెట్టడం నాకిష్టం లేదు. ఏఎండీ ఏఎం4 బోర్డున్నవాళ్లు అదృష్టవంతులు. 2017లో కొన్న బీ350 బోర్డులు చాలావాటిలో బయాస్ అప్‌డేట్ చేస్తే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూర్చుంటుంది. ఆరు కోర్లు, పన్నెండు వరసలు, 65 వాట్లే. అదే ఏడాది వచ్చిన 5800ఎక్స్3డీలో చిప్ మీద చిప్ పేర్చి కాష్‌ను 96 ఎంబీ చేశారు. పైన చెప్పిన లెక్కలో నాలుగు నిమిషాల ర్యామ్ ప్రయాణం ఎన్నోసార్లు తప్పిపోతుంది కాబట్టే గేముల్లో అది అంత వేగం చూపింది. బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. ఆ పదినిమిషాలకు యూపీఎస్ లేకుండా పని మొదలుపెట్టకండి.

ఇలాంటి పాత మెషీన్లలో ఉండే విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు పొడిగింపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఐ5-6500 విండోస్ 11 జాబితాలో లేదు. లైనక్స్‌లో వాల్వ్ సంస్థ తెచ్చిన ప్రోటాన్‌తో చాలా గేములు నడుస్తాయి, వాలరంట్ నడవదు. ఈ తేదీలు దృష్టిలో పెట్టుకునే ఇలాంటి మెషీన్ మీద ఎంత పెట్టాలో తేల్చుకోవాలి. ఇంకో మెషీన్‌లోకి మోసుకుపోగలిగిన భాగాలే కొనమని నా సలహా. ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ రెండూ అలాంటివే.

ఇంతా చెప్పాను కానీ, మేం మొట్టమొదట చేసిన పని ఏదీ కొనడం కాదు. దసరా సెలవుల్లో వాడింటికి వెళ్లి కేబినెట్ పక్క మూత తీశాం. ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దూదిపింజలా అల్లుకుపోయి ఉంది. ఐ5-6500 చిప్ వైశాల్యం బొటనవేలి గోరంత, ఇంచుమించు 120 చదరపు మిల్లీమీటర్లు. అందులోంచి 65 వాట్లు బయటకు రావాలి. చదరపు సెంటీమీటరుకు 50 వాట్ల పైన. మన ఇస్త్రీ పెట్టె అడుగున అదే లెక్క ఐదారు వాట్లు. అంత వేడి బయటపడే దారిలో పేస్టు ఎండి పగుళ్లిచ్చింది, ఆ పగుళ్లలో గాలి చేరింది. వేడిని మోయడంలో రాగిది 400 అనుకుంటే గాలిది 0.026. మంచి పేస్టు 5 నుంచి 10 మధ్య. వెంట్రుకవాసి గాలి పొర చాలు, వేడి అక్కడే ఆగిపోవడానికి.

వేడి లెక్కలో గది ఉష్ణోగ్రత నేరుగా కలుస్తుంది. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 68 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, అదే పనికి మే నెలలో 42 డిగ్రీల గదిలో 88 చూపుతుంది. దానికి దుమ్ము, ఎండిన పేస్టు తోడైతే నూరుకు చేరుతుంది. నూరు దగ్గర ఆ చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చలికాలం బాగా నడిచిన గేమ్ రోళ్లు పగిలే ఎండల్లో నత్తనడక నడిచిందంటే మెషీన్ పాతబడిందని కాదు, ఊపిరాడట్లేదని. కార్డుకు వోల్టేజి తగ్గించడం కూడా పనికొచ్చే ఉపాయం. చిప్ తినే కరెంటు వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గిస్తే వేగం అంతే ఉంచినా ఖర్చు దాదాపు 19 శాతం తగ్గుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లోనే కొంచెం కొంచెంగా దించుతూ, ఆట ఆగిపోయే చోటికి ఒక మెట్టు ముందు ఆపాలి.

చివరికి మావాడు కొన్నవి ఇవి: వాడిన 8 జీబీ స్టిక్ ఒకటి, 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, పేరున్న కంపెనీ ఎస్‌ఎంపీఎస్, చిన్న పేస్టు గొట్టం. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. వాడి మానిటర్ 60 హెర్ట్జ్‌ది, వాడు ఆడే రెండు ఆటల్లో ఆ 60 ఇప్పుడు నిలకడగా వస్తున్నాయి. జీటీఏలో కారు గోడకు గుద్దుకోవడం ఆగిందా అంటే, తెర బిగుసుకుపోవడం మాత్రం ఆగింది. పాత హార్డ్ డిస్క్ సినిమాలు, ఫొటోలు దాచుకోవడానికి లోపలే ఉంది. ప్రపంచం 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగేస్తే అందులో లెక్కప్రకారం సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమే. ఆ గుట్టలో చేరాల్సిన పెట్టె ఒకటి ఇంకా ఖమ్మంలో ఒక టేబుల్ కింద నడుస్తోంది.

మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే, రోహిణి కార్తె రాకముందే ప్లగ్గు తీసి, పక్క మూత ఒక్కసారి విప్పి చూడండి.